పసుపు కింద మర

పరదేశి మేస్త్రీని ప్రశ్న అడిగినవాడు ముందు చొక్కా విప్పుకోవాలని ఉప్పుగెడ్డ రేవులో ఒక మాట ఉండేది. ఆయన నోటితో జవాబు చెప్పే రకం కాదు. "పద, సూద్దాం" అని అడిగినవాణ్ణి బోటు అడుక్కి దింపేవాడు. దిగినవాడు నూనె మరకలతోనో కాలిన వేలితోనో పైకి వచ్చేవాడు, ప్రశ్న మాత్రం మళ్ళీ ఎత్తేవాడు కాదు. ఒకసారి ఒక బోటు యజమాని, ఇంజన్లో పాత ఆయిలు ఇంకో నెల వాడితే కొంపలేం మునుగుతాయని అడిగాడు. మేస్త్రీ ఆ ఆయిలు ఆయన దోసిట్లోనే పోసి, రెండు చేతులూ బాగా రుద్దుకోమన్నాడు. ఇనుప రజను గుచ్చుకుని ఆ పెద్దమనిషి వారం రోజులు అన్నం చెంచాతో తిన్నాడు. రేవులోని ఇంజన్లన్నీ నలభై ఏళ్ళుగా మేస్త్రీ చేతి మీదుగానే నడుస్తున్నాయి గనక, ఈ పద్ధతి నచ్చినవాళ్ళకూ నచ్చనివాళ్ళకూ కూడా చెల్లిపోయింది.

ఆయన దగ్గర ఏడేళ్ళుగా పని నేర్చుకుంటున్నవాడు ఎల్లాజీ. ముప్పై ఏళ్ళవాడు, పెళ్ళయినవాడు, పనిమంతుడు. చెవి ఆనించి ఇంజను జబ్బు చెప్పగలడు. ఒక్కటే లోపం, పని చేస్తున్నప్పుడు చుట్టూ నలుగురు నిలబడి చూడాలి. ఎవరూ లేకపోతే అతని చేతిలో పానాకు కూడా హుషారు ఉండేది కాదు. ఆ ఏడు వేట నిషేధం రెండు నెలలూ మేస్త్రీకి పక్క జిల్లా రేవులో పెద్ద ఇంజను పని తగిలింది. వెళుతూ వెళుతూ, 'జయగంగ' అనే బోటు పని మొత్తం ఎల్లాజీకి అప్పజెప్పి, "నేనొచ్చి సూత్తాను. పని బాగుంటే ఈ ఏటి నుంచి నువ్వూ మేస్త్రీవే" అన్నాడు. ఆ బోటు పరాయివాళ్ళది కాదు. ఎల్లాజీ సొంత అక్క దేముడమ్మది. దాన్ని నడిపే సరంగు ఆమె మొగుడు లచ్చన్న. అతనితో పాటు ఆరుగురు కళాసీలు, అంతా కలిసి ఏడుగురు ఆ బోటు మీద బతుకుతున్నారు.

ఎల్లాజీ ఇంజను విప్పాడు, కడిగాడు, బిగించాడు. ఆ పనిలో ఎవరూ వేలెత్తి చూపలేరు. చివరికి రబ్బరు పైపులకు వేసే క్లిప్పుల దగ్గరికి వచ్చాడు. క్లిప్పు అంటే గాజంత పట్టీ, దాని నడుమ ఒక చిన్న మర. పైపు మెడకు తొడిగి మర తిప్పితే పట్టీ బిగుసుకుని పైపును ఊడనివ్వదు. బోటు అడుగున ఒక రంధ్రం ఉంటుంది. ఇంజను చల్లబడడానికి సముద్రపు నీరు ఆ రంధ్రంలోంచి ఇత్తడి గొట్టం గుండా, వాల్వు దాటి, రబ్బరు పైపులోకి ఎక్కుతుంది. సముద్రానికి ఇంట్లోకి వేసిన దారి అది. ఆ దారి మీద కాపలా ఉండేది గాజంత క్లిప్పే.

పాతవి తీసేసి పద్నాలుగు కొత్త క్లిప్పులు కావాలనుకుని ఎల్లాజీ పట్నం వెళ్ళాడు. మంచి స్టీలుకు అయస్కాంతం అంటదని ఎక్కడో విన్నాడు. కొట్టువాడు తళతళలాడే క్లిప్పులు పరిచేసరికి, జేబులోంచి అయస్కాంతం తీసి ఒక్కొక్క పట్టీకి ఆనించాడు. ఒక్కదానికీ అంటలేదు. కొట్టువాడు నోరు తెరిచి చూశాడట, ఎల్లాజీయే చెప్పుకున్నాడు. రేవుకు తిరిగొచ్చి టీకొట్టు దగ్గర కళాసీలందరినీ కూర్చోబెట్టి, పద్నాలుగింటికీ మళ్ళీ అదే పరీక్ష చేసి చూపించాడు. ఆ రోజు నుంచి అతనికి అయస్కాంతం మేస్త్రీ అని పేరు పడింది. వాళ్ళు వెక్కిరింపుగా పెట్టారో మెప్పుగా పెట్టారో అతను విచారించలేదు. పేరు వచ్చింది, అదే చాలు.

క్లిప్పులు బిగించారు, బోటు నీళ్ళలోకి దిగింది. నెల గడిచింది. లచ్చన్న తీరిక దొరికినప్పుడల్లా రంగు డబ్బా పట్టుకుని కనిపించినదానికల్లా నీలం రంగు పూశాడు. నిషేధం ఎత్తేయడానికి పన్నెండు రోజుల ముందు మంచి రోజు చూసి దేముడమ్మ ఇంజనుకు పసుపు పెట్టింది. ఈ పసుపు గురించి ఒక మాట చెప్పాలి. ఉప్పుగెడ్డలో ఇంజనుకు బొట్టు పెట్టి ఊరుకోరు, పసుపు ముద్దగా కలిపి ఇంజనుకూ పైపులకూ క్లిప్పులకూ మరలకూ మెత్తుతారు. పసుపు పడ్డాక, మొదటి వేటకు వెళ్ళి బోటు క్షేమంగా తిరిగి రేవు చేరేదాకా, ఆ ఇంజనుకు పానా తగలకూడదు. తగిలితే గంగమ్మ తల్లికి అపనమ్మకం చూపినట్టు. ఎవరు పెట్టిన కట్టో తెలియదు గాని, దాన్ని దాటినవాడు రేవులో లేడు.

రేపు తెల్లవారితే బోట్లు వేటకు వెళతాయనగా, ఆ ఉదయం పరదేశి మేస్త్రీ బస్సు దిగాడు. ఎల్లాజీ టీ గ్లాసుతో ఎదురెళ్ళాడు. పని ఎలా ఉందో ఆయన అడుగుతాడని చూశాడు. మేస్త్రీ టీ తాగాడు, గ్లాసు కడిగి ఇచ్చాడు, ఏమీ అడగలేదు. అప్పుడు ఎల్లాజీయే ఒక ప్రశ్న వేశాడు. జవాబు జేబులో పెట్టుకుని అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి, అది ఆ జాతిది.

"గురువుగారూ, పది క్లిప్పుల్లో మంచి క్లిప్పు ఏదో ఒక్క సూపులో పోల్చడం ఎలాగండి?"

మేస్త్రీ అతని ముఖంలోకి చూశాడు. ఆ తరువాత అయస్కాంతంతో ఉబ్బిన అతని చొక్కా జేబు వైపు చూశాడు. "మీ అక్క బోటు మీదకి పద" అన్నాడు.

జయగంగ మీద పండగలా ఉంది. దేముడమ్మ పూలదండలు కడుతోంది, కళాసీలు వలలు సర్దుతున్నారు, లచ్చన్న ఐసు పెట్టెలు లెక్క చూసుకుంటున్నాడు. మేస్త్రీ అందరినీ పలకరించి, చెప్పులు విడిచి, ఇంజను ఉన్న అడుగు అరలోకి దిగాడు. వెనక ఎల్లాజీ దిగాడు. తనవాళ్ళందరి ముందూ గురువు తన పనిని మెచ్చుకోబోతున్నాడని అతని గుండె ఉబ్బింది. అరపై తలుపు దగ్గర తలలన్నీ మూగాయి. చుట్టూ నలుగురు చూస్తూండాలన్న అతని కోరిక ఆ రోజు తీరినంతగా ఎప్పుడూ తీరలేదు.

మేస్త్రీ ఇంజను వైపే చూడలేదు. అడుగున, సముద్రపు నీరు ఎక్కే చోట చతికిలబడ్డాడు. ఆ క్లిప్పు మీద పసుపు పలకలు కట్టి ఎండిపోయి ఉంది. ఆయన బొటనవేలు దాని మీద పెట్టి ఒక్క రుద్దు రుద్దాడు. పసుపు పెచ్చులై రాలింది.

పైన దేముడమ్మ చేతిలో దండ జారిపోయింది.

"ఓలమ్మో! ఏటి మేస్త్రీ ఆ పని? తల్లికి పెట్టిన పసుపు తుడిసేత్తన్నావా? ఏడుగురు పోతారీ బోటు మీద! ఏడుగురు! నీకు కళ్ళు కనబడతన్నాయా?"

"ఆ ఏడుగురి కోసమేనమ్మా" అన్నాడు మేస్త్రీ. ఇంకో రుద్దు రుద్దాడు.

ఎల్లాజీ వంగి చూశాడు. పట్టీ కొన్ననాటిలాగే మెరుస్తోంది. కానీ దాని నడుమ ఉన్న మర ఎర్రగా, కాకరకాయలా పొలుసులు లేచి ఉంది. అక్కడే, ఆ క్షణమే "తప్పయిపోయింది గురువుగారూ" అని ఉంటే ఈ కథ ఇక్కడితో సరిపోయేది. కానీ పైన అక్క ఉంది, బావ ఉన్నాడు, అయస్కాంతం మేస్త్రీ అని పిలిచిన నోళ్ళు ఆరు ఉన్నాయి. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారే, మనిషి తప్పుకు భయపడేదీ అలాగే.

"అది పైతుప్పండి. లోపల గట్టిగా ఉంటాది. నెల్నాళ్ళుగా సుక్క నీరు రాలేదు. ఏనుగొచ్చి లాగినా ఊడదు" అన్నాడు.

"ఏనుగెందుకురా? నువ్వు లాగు."

ఎల్లాజీ రెండు చేతులతో పైపు పట్టుకున్నాడు. ఊడదని చూపించాలి గనక బలంగానే లాగాడు. టిక్కుమని చిన్న చప్పుడైంది, పుల్ల విరిగినంత. మర తల ఎగిరి ఎటో పడింది. పట్టీ విచ్చుకుంది. పైపు అతని చేతుల్లోకి వచ్చేసింది, దాని వెనకే సముద్రం వచ్చింది.

చేతి మణికట్టంత లావున నీటి కంబం లేచి ఎల్లాజీ ఛాతీ మీద కొట్టింది. అతను వెల్లకిలా పడ్డాడు. ఏం జరిగిందో అతని బుర్రకు అందేసరికే నీళ్ళు చీలమండలు దాటాయి. రేవులో అద్దంలా పడుకుని ఉండే నీరు ఇంత జోరుగా లోపలికి వస్తుందని, ఇరవై ఏళ్ళుగా దాని మీద తిరుగుతున్న మనిషి అతను, కలలో కూడా అనుకోలేదు. పైన దేముడమ్మ కెవ్వుమంది. ఎవరో "బోటు మునిగిపోతంది" అని అరిచారు. ఎల్లాజీ లేచాడు గాని, ఒంట్లో నెత్తురంతా ఎవరో వంపేసినట్టు నిలబడిపోయాడు.

"వాల్వు కట్టు" అన్నాడు మేస్త్రీ. ఆయన కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

అవును, వాల్వు ఉంది! ఎల్లాజీ నీళ్ళలోకి ఉరికి వాల్వు పిడి పట్టుకుని తిప్పాడు. కదల్లేదు. లచ్చన్న పైనుంచి దూకి తనూ పట్టాడు. ఇద్దరు మగవాళ్ళు పళ్ళు బిగించి తిప్పినా పిడి వెంట్రుకవాసి కదల్లేదు. పిడి నిండా, దాని మర సందుల నిండా నీలం రంగు గడ్డకట్టి ఉంది. లచ్చన్న తన చేతులకు అంటిన రంగు వైపు, పిడి వైపు వెర్రిగా చూశాడు. బోటును పెళ్ళికూతురిలా చేద్దామని పూసిన రంగు అది. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఎన్నిసార్లో విన్నాడు గాని, ఆ లొటారంలో మోకాళ్ళ లోతున నిలబడడం అదే మొదలు.

"సెయ్యి అడ్డం పెట్టు" అన్నాడు మేస్త్రీ.

ఎల్లాజీ కుడి అరచేతిని ఇత్తడి గొట్టం నోటికి అదిమాడు. నీరు వేళ్ళ సందుల్లోంచి చిమ్మి కళ్ళలో పడింది. రెండో చేతిని దాని మీద పెట్టి, ఒళ్ళంతా మోపి నొక్కాడు. కంబం ఆగింది. అంచుల నుంచి సన్నగా కారుతూనే ఉంది. అడుగు నుంచి సముద్రం అతని అరచేతిని తోస్తోంది, ఒక్క క్షణం మానకుండా, అలసట లేకుండా. కళాసీలు బకెట్లు దించి తోడడం మొదలుపెట్టారు. ఎవరి నోటా వేళాకోళం లేదు.

మేస్త్రీ నీళ్ళలో తడిమి, విరిగిన క్లిప్పును తీశాడు. ఎల్లాజీ జేబులో చెయ్యి పెట్టి అయస్కాంతం తీసుకున్నాడు. పట్టీకి ఆనించాడు, అంటలేదు. పట్టీలో ఇరుక్కుని మిగిలిన మర ముక్కకు ఆనించబోయాడు. ఆనించనక్కర్లేకపోయింది. వేలెడు దూరంలో ఉండగానే క్లిప్పే ఎగిరి టక్కున అయస్కాంతానికి కరుచుకుంది. దాన్ని ఎల్లాజీ కళ్ళ ముందు అలాగే వేలాడదీసి ఉంచాడు.

పట్టీ స్టీలే. మర ఉత్త ఇనుము. పద్నాలుగు క్లిప్పులకు కొట్టులో ఒకసారి, టీకొట్టులో ఒకసారి పరీక్ష చేసిన మనిషి, పట్టుకునేది పట్టీ కాదని, పట్టీని పట్టుకునేది మర అని ఆలోచించలేదు. మెరిసేదానికే పరీక్ష పెట్టాడు. ఎల్లాజీ ఆ ముక్క వైపు చూస్తూండిపోయాడు. సిగ్గు రావాల్సిన చోట సిగ్గు కూడా రాలేదు, అంతకంటే పెద్దదేదో వచ్చి కూర్చుంది. చల్లటి భయం. రేపు ఈ వేళకు ఈ బోటు ఒడ్డు కనపడనంత దూరంలో ఉంటుంది. ఇంజను దడకు ఆ మర ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది. ఈ అరకు తలుపు వేసి ఉంటుంది. వల లాగుతున్న మనుషులు ఎవరూ కిందికి చూడరు, ఇంజను ఆగిపోయేదాకా. పైగా తనే చెప్పాడు వాళ్ళకు, "నేను బిగించాను, ఇంకెవరూ ముట్టక్కర్లేదు" అని.

"గురువుగారూ, సెయ్యి లాగేత్తంది" అన్నాడు.

మేస్త్రీ నడుం దగ్గర పంచె మడతలోంచి ఒక చెక్క బిరడా తీశాడు. కొస సన్నగా, మొదలు లావుగా చెక్కినది. కానీ గొట్టంలో పెట్టలేదు, చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. పైన దేముడమ్మకు అది కనిపించింది.

"ఉంది కదా మేస్త్రీ నీ దగ్గిర! పెట్టవేం? ఆడు సచ్చిపోతన్నాడు!"

మేస్త్రీ ఎల్లాజీకి దగ్గరగా జరిగి, చాలా నెమ్మదిగా అడిగాడు. "ఎల్లాజీ, రేపు ఈపాటికి ఇక్కడ ఎవులి సెయ్యి ఉంటాది?"

ఎల్లాజీ తల తిప్పి బావ వైపు చూశాడు. లచ్చన్న బకెట్టుతో నీళ్ళు తోడుతున్నవాడు అలాగే వంగి ఆగిపోయాడు. అతని కుడిచేతికి, పెళ్ళిలో ఎల్లాజీయే తొడిగిన వెండి ఉంగరం ఉంది. ఎల్లాజీ ఏడ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, నలుగురి ముందు, సముద్రాన్ని అరచేత్తో నొక్కిపెట్టి, చంటిపిల్లవాడిలా ఏడ్చాడు. కన్నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

అప్పుడు మేస్త్రీ "తియ్" అన్నాడు. ఎల్లాజీ చెయ్యి తీసిన క్షణంలోనే బిరడా దూర్చి, అర మూలనున్న పానా అందుకుని దాని వెనకభాగంతో రెండు దెబ్బలు వేశాడు. నీరు ఆగిపోయింది. అంతసేపు నీటి హోరులో ఉన్నవాళ్ళకు ఆ నిశ్శబ్దం కూడా ఉలికిపాటుగానే తోచింది.

మేస్త్రీ తన రేకు డబ్బా తెప్పించాడు. అందులోని క్లిప్పులు ఎల్లాజీ తెచ్చినంత తళుకువి కావు. పట్టీని బలహీనం చేసే ఆరపార గాట్లు లేవు, అంచులు రబ్బరును కొరక్కుండా పైకి మడిచి ఉన్నాయి. మరకు అయస్కాంతం పెట్టి చూశారు, అంటలేదు. ఇక మిగిలిన పదమూడు క్లిప్పులు విప్పాలి. అంటే పసుపు పెట్టిన ఇంజనుకు పానా తగలాలి. మేస్త్రీ పానా పట్టుకుని, వెయ్యకుండా, పైకి దేముడమ్మ వైపు చూసి ఆగాడు. కళాసీలూ ఆమె వైపే చూశారు.

దేముడమ్మ నిచ్చెన దిగి వచ్చింది. నీళ్ళలో చీర తడుస్తున్నా లెక్కచెయ్యకుండా ఇంజను దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ జోడించి, "తల్లీ, కోపమొత్తే నామీద ఉంచు" అంది. అని పైటచెంగుతో మొదటి క్లిప్పు మీద పసుపు తుడిచింది. మర ఎర్రగా బయటపడింది. రెండోది తుడిచింది, అదీ అంతే. పదమూడోదీ తుడిచింది. తను అంత భక్తిగా, వేలితో అద్ది అద్ది మెత్తిన చోటల్లా కింద అదే ఎరుపు. ఆమె పసుపు చెంగును చూసుకుని, తమ్ముణ్ణి చూసి, చెంగు నడుముకు దోపుకుంది. తిట్టినా బాగుండేదని ఎల్లాజీ అనుకున్నాడు.

మధ్యాహ్నానికి పని పూర్తయింది. వాల్వు పిడికి కిరసనాయిలు పోసి, సుత్తితో తట్టి తట్టి రంగు రాల్చారు. సముద్రపు గొట్టం మీద మేస్త్రీ ఒకదాని పక్కన ఒకటిగా రెండు క్లిప్పులు వేయించాడు. వేసింది ఎల్లాజీయే. ఈసారి పైన ఎవరు చూస్తున్నారో అతను తలెత్తి చూడలేదు. దేముడమ్మ మళ్ళీ పసుపు కలిపి పెట్టింది. మరలు వదిలేసి పెట్టింది.

పని ముగిశాక గురుశిష్యులిద్దరూ రేవు గట్టు మీద కూర్చున్నారు. ఎల్లాజీ మేస్త్రీ అయ్యాడా లేదా అన్నది ఆయన చెప్పలేదు, అతను అడగలేదు. అడగడానికి అతనికి వేరే ఉంది. కుడి అరచెయ్యి విప్పి చూసుకున్నాడు. గొట్టం అంచు నొక్కుకున్న చోట గుండ్రంగా, ఎర్రగా, చందమామలా ఒక వలయం. ఇంకా సలుపుతోంది.

ఉప్పుగెడ్డ రేవులో ప్రశ్న రెండోసారి అడిగినవాడు అతనొక్కడే. "గురువుగారూ, మరకీ పట్టీకీ రెండిటికీ అయస్కాంతం పెడతాను. తెలిసింది. అయినా రేపు ఇంకోటేదో మోసం ఉంటాది కదా. ఇంతకీ మంచిది పోల్చడం ఎలాగండి?"

మేస్త్రీ అతని చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ వలయాన్ని వెలుతురుకు తిప్పి కొంతసేపు చూశాడు. తరువాత చెయ్యి వదిలి, కండువా దులుపుకుని లేచాడు.

"కొట్టుకెళ్ళినప్పుడు క్లిప్పు అందుకోడానికి ఈ సెయ్యే సాపు" అన్నాడు.